తుప్పు మరక పాఠం

మా కాలేజీ బాస్కెట్‌బాల్ బోర్డు మీద ఒక తుప్పు మరక ఉండేది. రింగుకు కాస్త పైన, ఎడమ పక్కన, ఒకప్పుడు ఏదో బోల్టు ఉండి ఊడిపోయిన చోట. టీములో కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ చెప్పే మొదటి పాఠం ఆ మరకే. రింగు వైపు చూడకూడదు, మరక వైపు చూసి బంతి వెయ్యాలి.

నాకు ఆ పాఠం చెప్పింది నాకంటే ఒక ఏడాది సీనియర్. తర్వాత ఆమే మా కెప్టెన్ అయింది. చెప్పి ఊరుకోలేదు, వేసి చూపించింది. కళ్ళు మరక మీద పెట్టి, మోచెయ్యి లేపి బంతి వదిలితే అది రింగును తాకకుండా లోపలికి దిగిపోయింది.

"ఎందుకక్కా మరక చూడాలి? పడాల్సింది రింగులో కదా?" అన్నాను.

"ఎందుకేంది మే. అట్లనే ఏయాల. మాకు మా సీనియర్లు చెప్పినారు. వాళ్ళకు వాళ్ళ సీనియర్లు చెప్పింటారు. మరక చూసి ఏస్తే పడతాది."

"పడతాది సరే. ఎందుకు పడతాది?"

"గమ్మునుండి ఆ బంతి తీస్కరా పో."

నాకు చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు ఇది. ఎందుకు అని తెలియకపోతే అన్నం సయించదు. మబ్బులన్నీ మా ఊరి మీదుగా పరుగెత్తుకుంటూ పోతాయే గానీ ఒక్కటీ నిలబడి కురవదెందుకని మా నాయనను అడిగితే, "వాటికి మన ఊర్లో చుట్టాలు లేరులే" అని తప్పించుకునేవాడు. కాలేజీలో ఫిజిక్స్ తీసుకున్నది కూడా ఆ జబ్బుతోనే. జబ్బుకు తోడు మొండితనం. కారణం చెప్పని పని చెయ్యను గాక చెయ్యను. అందుకని నేను మరక చూడలేదు. రింగునే చూసి వేశాను. నా బంతి రింగుకు కుడి పక్కగా పోయి కింద పడింది. మళ్ళీ వేశాను. మళ్ళీ కుడికే పోయింది. ఏడాదిపాటు అంతే.

నన్ను టీములోంచి తీసెయ్యకపోవడానికి కారణం నా పొడుగొక్కటే. "ఒంటెలాగా పెరిగినావు, చేతిలో పస లేదు," అనేవాళ్ళు తోటి పిల్లలు. నేను బెంచీ మీద కూర్చుని నీళ్ళ సీసాలకు కాపలా కాసేదాన్ని. అదేమీ పెద్ద బాధగా ఉండేది కాదు. బెంచీ మీద నుంచి చూస్తే ఆడేవాళ్ళకు కనిపించనివి చాలా కనిపిస్తాయి.

మా కోర్టు సంగతి కూడా చెప్పాలి. ఊరి చివర, కాలేజీ వెనకాల, పగుళ్ళిచ్చిన సిమెంటు నేల. చుట్టూ చెట్టూ లేదు, గోడా లేదు. దూరంగా గుట్టల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. ఉత్తరం వైపు ఒక రింగు ఉండేది. దక్షిణం వైపు ఉండాల్సిన స్తంభం ఏ కాలంలోనో ఒరిగిపోతే దాన్ని తీసి స్టోరు రూము వెనక పడేశారు. కాబట్టి ఎంత ప్రాక్టీసు చేసినా ఆ ఒక్క రింగుకే. కాలేజీ తెరిచేది ఆషాఢానికి కాస్త ముందు, టీము కట్టేది అప్పుడే. పోటీలు దసరా లోపలే అయిపోతాయి. ఆ తర్వాత మళ్ళీ ఏడాది దాకా బంతి ముట్టుకునేవాళ్ళు లేరు. మేము ఆడినన్నాళ్ళూ పడమటి గాలి వీస్తూనే ఉండేది. జడలు ఒక పక్కకే ఎగిరేవి, నోట్లో ఎర్రమన్ను కరకరలాడేది. గాలి గురించి మేమెవరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. అనంతపురంలో ఆషాఢంలో గాలి ఉందని చెప్పుకోవడమేమిటి?

మా కెప్టెన్‌ది కుందుర్పి వైపు పల్లె. గొర్రెల మంద ఉన్న ఇల్లు. హాస్టల్లో ఉండి చదివేది. చదువు అంతంత మాత్రమని తనే చెప్పేది. ఆమెకు ఉన్న ఆశ ఒక్కటే. తను చదివిన హైస్కూల్లో ఆటల టీచరు లేరు. ఆటల పీరియడు వస్తే ఆడపిల్లల చేత మొక్కలకు నీళ్ళు పోయించేవాళ్ళట. ఆ స్కూలుకే ఆటల టీచరుగా పోవాలని ఆమె కోరిక. దానికి వ్యాయామ విద్య కోర్సులో సీటు కావాలి. మార్కులతో ఆమెకు రాదు. యూనివర్సిటీ టీములో ఆడినవాళ్ళకు క్రీడల కోటా ఉంది. ఆ టీముకు ఎంపిక జరిగేది ఏడాదికి ఒక్కసారి, కాలేజీల పోటీల్లో. అంతకు ముందు ఏడాది జ్వరంతో పడి పోలేకపోయింది. ఇక ఇదే ఆమె ఆఖరి సంవత్సరం. డిగ్రీ దాకా చదివిస్తాను, ఆపైన నీ దారి నువ్వు చూసుకోవాల అని వాళ్ళ నాయన ముందే చెప్పేశాడు. ఆయన తప్పు కూడా లేదు. ఉన్న గొర్రెలకే మేత దొరకని ఏడాది అది.

ఆ ఏడు పోటీలు గుంతకల్లులో పెట్టారు. పొద్దున్నే పాసింజరు ఎక్కాం. డబ్బాల్లో చిత్రాన్నం, సంచుల్లో మాసిన జెర్సీలు. మా కెప్టెన్ ఎప్పుడూ లేనిది ఆ రోజు మాట్లాడకుండా కూర్చుంది. పీడీ సార్, అంటే మా ఆటల మాస్టారు, "ఏమప్పా, కెప్టెన్ నోరు హాస్టల్లో మరిచిపోయి వచ్చిందా?" అని ఆటపట్టించినా నవ్వలేదు. ఒక్కసారి మాత్రం నా వైపు వంగి, "సెలెక్షన్ మేడం ఈ మ్యాచుకు వస్తాదంట," అంది మెల్లగా.

మేము ఆడాల్సింది హాల్లో అని అక్కడికి పోయేదాకా మాకు తెలియదు. పెద్ద రేకుల కప్పు, నాలుగు పక్కలా గోడలు, నున్నటి చెక్క నేల. లోపలికి అడుగుపెట్టగానే ఉక్క కొట్టింది. మా పిల్లలు నేలను చేత్తో తడిమి చూశారు, ఒకామె బూట్లతో జారి చూసింది. బోర్డు అద్దంలాగా ఉంది. ఎదుటి టీము పుట్టపర్తి దగ్గరి కాలేజీ. వాళ్ళకు ఇలాంటి హాలు అలవాటేనట. సెలెక్షన్ మేడం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నేత చీర, కింద ఆటల బూట్లు. ఆ బూట్లు చూసే మేమంతా భయపడ్డాం.

ఆట మొదలైన కాసేపటికి నాకు కుతూహలం మొదలైంది. మొదటి బంతి మా కెప్టెన్ వేసింది. రింగుకు ఎడమగా పోయి బోర్డుకు తగిలి వెనక్కి వచ్చింది. రెండోది ఇంకో అమ్మాయి వేసింది, ఎడమకే. తర్వాత మళ్ళీ కెప్టెన్, ఎడమకే. భయపడితే బంతి రింగు దాకా రాకుండా పడాలి, లేకపోతే దాటిపోవాలి, ఒకటి అటూ ఒకటి ఇటూ పోవాలి. మావాళ్ళందరి భయమూ ఒకే పక్కకు ఎందుకు పోతోంది? ఐదుగురూ కూడబలుక్కున్నట్టు ఎడమ పక్కకే వేస్తున్నారు. ఎదుటి టీము బంతులు చక్కగా దిగుతున్నాయి.

"ఏమప్పా ఇది, చేతులు ఊర్లో పెట్టొచ్చినారా?" అని పీడీ సార్ గీత అవతల నుంచి అరుస్తున్నాడు. మా కెప్టెన్ ముఖం చూస్తే పాపమనిపించింది. తన చేతిని తనే వింతగా చూసుకుంటోంది, అది వేరేవాళ్ళ చెయ్యి అయినట్టు.

సగం ఆటకు విరామం ఇచ్చినప్పుడు మావాళ్ళంతా ఒకటే మాట. రింగు వంకరగా ఉంది సార్ అని.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది మీ కత," అన్నాడు సార్. "ఇప్పుడు రింగులు మారతారు గదా. అప్పుడు చెప్తురు యాడుండాదో వంకర."

నాకు ఆ మాట నచ్చింది. పరీక్ష అంటే అలా ఉండాలి. రింగు వంకరైతే అవతలి రింగుకు వేసినప్పుడు బంతులు పడాలి. కాబట్టి రెండో సగం నేను ఆటను కాదు, బంతి ఎటు పోతోందనే చూశాను. ఎడమకే పోయింది. ఇప్పుడు మావాళ్ళు ఎదురు దిక్కుకు తిరిగి వేస్తున్నారు, అయినా వాళ్ళ ఎడమకే. అంటే వంకర రింగులో లేదు. నేలలోనూ లేదు. ఉంటే మావాళ్ళలోనే ఉండాలి. కానీ మొన్నటిదాకా బాగున్నవాళ్ళకు పొద్దున రైలెక్కి దిగేసరికి ఏం వచ్చింది? మ్యాచ్ పోతోందన్న దిగులు కూడా లేకుండా ఇదే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఎవరైనా నా ముఖం చూసి ఉంటే తన్నేవాళ్ళు.

అంతలో మావాళ్ళలో ఒకామె ఫౌళ్ళు ఎక్కువై బయటికి రావాల్సి వచ్చింది. సార్ బెంచీ వైపు తిరిగాడు. బెంచీ మీద నేనూ, రైలు దిగేటప్పుడు మడమ బెణికిన ఇంకో అమ్మాయీ ఉన్నాం. సార్ నన్ను చూసి గట్టిగా ఊపిరి వదిలాడు.

"పో. పొడుగ్గుండావు, చేతులు పైకెత్తి నిలబడు. బంతి మాత్రం ఏయొద్దు."

గుడ్డెద్దు చేలో పడినట్టు పోయి కోర్టులో పడ్డాను. ఎవరో బంతి నా చేతికి ఇచ్చారు. ఎవరికి అంటగడదామా అని చూస్తే మావాళ్ళందరి మీదా ఎదుటివాళ్ళు కమ్ముకుని ఉన్నారు. నా దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. నేను వెయ్యలేనని చూడగానే తెలిసిపోతుంది కాబోలు. ఇక వేరే దారి లేక రింగు చూసి వేసేశాను.

బంతి వలలోకి దిగింది. మావాళ్ళు చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయారు. నేనైతే కుడి పక్కకు చూస్తున్నాను, బంతి అక్కడ పడుతుందని. కాసేపటికి ఇంకోటి వచ్చింది, అదీ పడింది. ఆ తర్వాతది పోయింది గానీ దాని తర్వాతది మళ్ళీ పడింది. అప్పుడు మా కెప్టెన్ నా వైపు చూసింది. కోపం కాదు, మెచ్చుకోలూ కాదు. నేను ఇంతసేపూ బెంచీ మీద కూర్చుని బంతిని ఎలా చూశానో అలా చూసింది.

ఆ చూపు తర్వాత ఆమె ఆట మారిపోయింది. బంతి తన చేతికి వస్తే చాలు, ముగ్గురి మధ్యలోంచి ఎలాగో దారి చేసుకుని నాకే ఇచ్చేది. రింగు కింద, తను చెయ్యి చాపితే వెయ్యగలిగిన చోట ఉండి కూడా వెనక్కి తిరిగి నాకు ఇచ్చింది. కుర్చీలో సెలెక్షన్ మేడం కాస్త ముందుకు జరిగి కూర్చుంది. చూస్తున్నది నన్ను.

అయినా ఓడిపోయాం, అదీ బాగా చిత్తుగా. అంత వెనకబడిన ఆటను ఒక ఒంటె నిలబెట్టలేదు. మా కెప్టెన్ కుళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది. మిగతావాళ్ళు గోడకు ఆనుకుని ఏడుస్తున్నారు. నేను హాలు తలుపు తోసుకుని బయటికి వచ్చాను.

బయటికి రాగానే గాలి చెంప మీద కొట్టింది. చేతిలోని తువ్వాలు లాక్కుపోయింది. దాని వెంట పరుగెత్తి పట్టుకుని, అలాగే నిలబడిపోయాను. లోపల గాలి లేదు.

ఇంత చిన్న సంగతి తట్టడానికి నాకు అంతసేపు పట్టింది, చదివేది ఫిజిక్స్. మా కోర్టులో ఉత్తరం వైపు తిరిగి వేస్తాం. పడమటి గాలి ఎడమ నుంచి వస్తుంది, బంతిని కుడికి నెడుతుంది. కాబట్టి ఎడమకు గురిపెట్టినవాళ్ళ బంతి గాలితో కలిసి వచ్చి రింగులో పడుతుంది. మరక మహిమ అదే. ఎన్నేళ్ళ కిందటో ఏ సీనియర్ అక్కో దాన్ని కనిపెట్టి ఉంటుంది. ఆ తర్వాత మరక మిగిలింది, కారణం పోయింది. మావాళ్ళు ఏళ్ళ తరబడి రింగుకు కాదు, గాలికి ఆడుతున్నారు. హాల్లో మరక లేకపోయినా అలవాటుపడిన చేతులు ఎడమకే వేశాయి. నేను ఏడాదంతా సరిగ్గానే వేశాను, గాలి లేని చోటికి పోవడమే ఆలస్యం. ఒక బంతి తెచ్చి అక్కడే ఆరుబయట పైకి విసిరి చూశాను. గాలి దాన్ని పక్కకు లాక్కుపోయింది. మళ్ళీ విసిరాను. ఒక్కదాన్నే నవ్వుకుంటూ ఎన్నిసార్లు విసిరానో తెలియదు. ఓడిపోయామన్న సంగతి నాకు అప్పుడు గుర్తే లేదు. ఈ రోజుకీ ఆ సంతోషం నాకు తప్పుగా అనిపించదు.

మధ్యాహ్నం ఆటలన్నీ అయ్యాక సెలెక్షన్ మేడం అందర్నీ కూర్చోబెట్టి యూనివర్సిటీ టీముకు ఎంపికైన వాళ్ళ పేర్లు చదివింది. మా కాలేజీ నుంచి ఒక్క పేరు వచ్చింది. అది నాది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మా కెప్టెన్.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అంటే చెప్పలేను. లేచి పోయి మేడం దగ్గర నిలబడ్డాను. మరక సంగతి, ఒక్క రింగు సంగతి, గాలి సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆమె చక్కగా విన్నది. మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు కూడా వేసింది.

"బాగా కనిపెట్టావమ్మా," అంది చివరికి. "కానీ మనం ఆడబోయే చోట కూడా హాలే. గాలి ఉండదు. అక్కడ వెయ్యగలిగినవాళ్ళే కావాలి నాకు."

"మా అక్కకు వారం రోజులు ఇస్తే మార్చుకుంటుంది మేడం. నాకంటే ఎంతో బాగా ఆడుతుంది. నాకు బంతి తట్టుకుంటూ పరుగెత్తడం కూడా సరిగ్గా రాదు."

"అది చూశాను," అని నవ్వింది. "టీము శిక్షణ శిబిరం ఎల్లుండే మొదలు. వారం ఎక్కడిది?"

"నేను రానంటే ఆమెను తీసుకుంటారా?"

"లేదమ్మా. నీ తర్వాత ఇంకో కాలేజీ అమ్మాయి ఉంది."

ఆమె మాటలో తప్పు వెతికాను. దొరకలేదు. తప్పు దొరికి ఉంటే బాగుండేది, కాసేపు తిట్టుకునైనా ఉండేదాన్ని.

తర్వాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. నేను శిబిరానికి పోయాను. పెద్ద పోటీలకూ పోయాను. అక్కడ బెంచీ మీద కూర్చున్నాను, ఒక్క మ్యాచులో కూడా దిగలేదు. అయినా ఆడినట్టే సర్టిఫికెట్ ఇచ్చారు. దానితో నాకు పని పడలేదు. మా కెప్టెన్‌కు ఆ ఏడాది సీటు రాలేదు. మరుసటి ఏడాది మళ్ళీ ప్రయత్నించేదాకా ఆగే ఓపిక వాళ్ళింట్లో ఎవరికీ లేదు.

సాయంత్రం పాసింజరులో ఆమె కిటికీ దగ్గర కూర్చుంది, నేను ఎదురుగా. మిగతావాళ్ళు తలలు వాల్చి నిద్రపోతున్నారు. నేను గాలి సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, ఈసారి కిటికీ ఊచల మధ్య వేలితో గీసి చూపిస్తూ. ఆమె శ్రద్ధగా విన్నది.

"అంటే నేను తప్పు ఏయలేదు," అంది.

"లేదక్కా. నువ్వు ఎప్పుడూ ఏసినట్లే ఏసినావు. గాలే రాలేదు."

"ఈ మాట మేడంకు చెప్పినావా?"

"చెప్పినా. ఆడేదంతా హాల్లోనే అంట."

"నిజమే గదా మల్ల," అని తలూపింది. ఆమెకు నాలాగా ఒళ్ళు మండలేదు. అది చూసి నాకు ఇంకా మండింది.

"నాకెందుకిచ్చినావక్కా బంతులన్నీ? మేడం చూస్తాండాదని నీకు తెలుసు గదా."

"నీవి పడతాండాయి గదా మే. పడే చేతికి ఇయ్యక ఎవరికియ్యాల?"

"నీ సీటు పాయ గదక్కా."

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఆమెకు రాలేదు. కిటికీ బయట ఎండిన శనక్కాయ చేలు పోతున్నాయి, ఆమె అటు తిరిగింది.

"ఆడేటప్పుడు సీటు గుర్తుకొస్తాదా అనుకుంటాండ్తి," అంది. "ఒకసారి వచ్చింది. ఆఖర్లో. నువ్వు చేతులెత్తి నిలబడుకోనుండావు, నీ మీద ఎవరూ లేరు. మేడం మొగం కనపడె నాకు. నీకియ్యకుండా నేనే ఏసినా."

ఆ బంతి ఏమైందో ఆమె తనంతట తనే చెప్పింది.

"అప్పుడు కూడా ఎడమకే పాయ."